ఒక్క పరీక్ష నుండి క్రెడిట్ల నిధి దాకా: భారతీయ పట్టవిద్యలో మూల్యాంకన చరిత్ర

1858లో కలకత్తా విశ్వవిద్యాలయం తన మొట్టమొదటి బి.ఏ. పరీక్ష నిర్వహించింది. నిబంధనల ప్రకారం ఆ పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడు ఒక్కడూ లేడు. ఆరు విషయాలలో ఐదింటిలో చక్కగా రాణించి, ఆరవదానిలో ఏడు మార్కులకు మించని కొరతతో తప్పిన ఇద్దరు అభ్యర్థులను మాత్రం ప్రత్యేకానుగ్రహంతో ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణులైనట్లు ప్రకటించారు. ఆ ఇద్దరిలో ఒకరు జదునాథ్ బోస్. మరొకరు తరువాతి కాలంలో వంగ సాహిత్యానికి నవయుగ ద్వారం తెరిచిన బంకించంద్ర చట్టోపాధ్యాయ. ఆధునిక భారతదేశపు తొలి పట్టభద్రులు కృపా మార్కులతో గట్టెక్కినవారు కావడం ఈనాడు వినోదంగా తోచవచ్చు. కాని ఆ సంఘటనలో ఒక వ్యవస్థ స్వభావం సంపూర్ణంగా దర్శనమిస్తుంది. ఐదు విషయాలలో సాధించిన పాండిత్యం ఆరవ విషయంలోని కొద్దిపాటి కొరత ముందు నిలవలేదు. పట్టా అఖండమైనది, అది దక్కితే మొత్తం దక్కాలి, లేకపోతే ఏమీ లేదు.

ఆ అఖండతను భాగాలుగా విడదీసి, నేర్చినంత మేరకు నేర్చినట్లే లెక్కకట్టే పద్ధతికి క్రెడిట్ విధానమని పేరు. ఈనాడు మన కళాశాలలలో క్రెడిట్లు, గ్రేడ్లు, సెమిస్టర్లు నిత్యవ్యవహార పదాలైనాయి. అయితే ఈ పదాల వెనుక ఉన్న సుదీర్ఘ చరిత్ర అందరికీ తెలిసినది కాదు. ఆ చరిత్ర కేవలం లెక్కల చరిత్ర కాదు. విద్యార్థి శ్రమను ఎవరు కొలవాలి, బోధించే ఉపాధ్యాయుని తీర్పును సమాజం ఎంతవరకు విశ్వసించాలి అన్న ప్రశ్నల చరిత్ర అది.

లండన్ నమూనా

1854 నాటి చార్లెస్ ఉడ్ తాఖీదు ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు వెలసినవి. వీటికి ఆదర్శంగా నిలిచినది ఆక్స్‌ఫర్డ్ కాదు, కేంబ్రిడ్జి కాదు. 1836లో ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయం. ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పేది కాదు. కళాశాలలలో చదివినవారికి పరీక్షలు జరిపి పట్టాలు ప్రదానం చేయడమే దాని కర్తవ్యం. మన దేశంలోనూ అదే ఏర్పాటు అమలైంది. కళాశాల బోధించేది, విశ్వవిద్యాలయం పరీక్షించేది. సుదూరాన ఉన్న రాజధానిలో ప్రశ్నపత్రం తయారయ్యేది. అభ్యర్థి ముఖమైనా ఎరుగని పరీక్షకుడు జవాబుపత్రం దిద్దేవాడు.

ఈ ఏర్పాటుకు ఒక సద్గుణం లేకపోలేదు. కులం, కుటుంబం, పలుకుబడి వంటి వాటితో నిమిత్తం లేకుండా ఒక నంబరు మాత్రమే పరీక్షకుని ముందుకు వెళ్లేది. అసమానతలు గూడుకట్టుకున్న సమాజంలో ఇది చిన్న విషయం కాదు. బహిరంగ పరీక్షపై ప్రజలకు ఏర్పడిన గౌరవం నేటికీ సడలకపోవడానికి మూలకారణం ఇదే. కాని ఆ నిష్పాక్షికతకు చెల్లించిన మూల్యం భారీది. సంవత్సరాల తరబడి విద్యార్థిని దగ్గరగా చూసిన అధ్యాపకుని అభిప్రాయానికి ఎక్కడా చోటు లేకుండాపోయింది. చదువు పరీక్షకు అనుచరి అయింది. ‘బి.ఏ. తప్పినవాడు’ అన్న మాట సైతం ఒక అర్హతగా చలామణి కావడం ఆ వ్యవస్థలోని వైపరీత్యానికి నిదర్శనం. నేర్చినదానికి ధ్రువపత్రం లేనందువల్ల, తప్పిన పరీక్షనే ఆధారంగా చూపుకోవలసి వచ్చింది.

మద్రాసు పరిధిలో రెండు ఉదంతాలు

కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాల విద్యార్థులు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమయ్యే వరకు మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలకే కూర్చునేవారు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలోని రెండు ఉదంతాలు ఇక్కడ స్మరణీయాలు.

మొదటిది శ్రీనివాస రామానుజన్‌ది. 1904లో ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన రామానుజన్ గణితంలో లీనమై తక్కిన విషయాలను ఉపేక్షించాడు. ఉపకార వేతనం పోయింది. 1905లో ఇంట చెప్పకుండా బయలుదేరి విశాఖపట్టణం చేరాడు. తిరిగి వెళ్లి 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరాడు. ఆ సంవత్సరాంతంలో ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు, మరుసటి సంవత్సరం మళ్లీ తప్పాడు. శరీరధర్మశాస్త్రం, చరిత్ర, ఆంగ్లం, సంస్కృతం గణితంతో సమానంగా రావలసిన ఆ పరీక్షలో అపూర్వ గణిత ప్రతిభకు విడిగా విలువ కట్టే మార్గమే లేదు. 1913లో అదే విశ్వవిద్యాలయం, పట్టా లేని ఆ యువకునికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసి తన గౌరవాన్ని నిలుపుకున్నది. 1916లో కేంబ్రిడ్జి ఆయనకు పరిశోధన ప్రాతిపదికపై బి.ఏ. పట్టా నిచ్చింది. నియమాన్ని సడలించగల పెద్దలు దొరికినందువల్ల రామానుజన్ నిలిచాడు. అట్టి పెద్దలు దొరకని సాధారణ విద్యార్థుల సంగతి చరిత్రకు ఎక్కలేదు.

రెండవ ఉదంతం తెలుగు భాషకు సంబంధించినది. 20వ శతాబ్ది రెండవ దశకంలో చెలరేగిన గ్రాంథిక వ్యావహారిక వివాదం మూలంలో ఒక పరీక్షా వివాదం. ఇంటర్మీడియట్ తరగతులలో దేశభాషా వ్యాసరచన ప్రవేశపెట్టినప్పుడు, అభ్యర్థి ఏ తెలుగులో రాస్తే మార్కులు వేయాలన్నది చర్చనీయాంశమైంది. విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో అధికసంఖ్యాకుల అభిప్రాయంతో విభేదించి గురజాడ అప్పారావు 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం తెలుగు వచన చరిత్రలో మైలురాయి. గిడుగు రామమూర్తి జీవితకాల పోరాటమూ ఈ ప్రశ్నతో ముడిపడినదే. మూల్యాంకనం జ్ఞానాన్ని కొలవడంతో ఆగదనీ, ఏది జ్ఞానమో, ఏది భాషో కూడా నిర్ణయిస్తుందనీ ఈ ఉదంతం తెలుపుతుంది.

క్రెడిట్ పుట్టుక

ఇదే కాలంలో అమెరికాలో భిన్నమైన పరిణామం సాగుతూ ఉండినది. విద్యార్థులను శ్రేణులుగా విభజించే అలవాటు అక్కడ పాతదే. 1785లో యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ తాను పరీక్షించిన 58 మందిని నాలుగు తరగతులుగా విభజించి లాటిన్ పేర్లతో తన దినచర్యలో నమోదు చేసుకున్నాడు. 1897లో మౌంట్ హోలియోక్ మహిళా కళాశాల మార్కుల అంతరాలకు అక్షరాలను జోడించింది. నేటి అక్షర గ్రేడ్లకు పూర్వరూపాలు ఇవి.

క్రెడిట్ కథ వేరు. 1869లో హార్వర్డ్ అధ్యక్ష పదవి చేపట్టిన చార్లెస్ ఎలియట్ విద్యార్థి తనకు నచ్చిన విషయాలను ఎంచుకునే ఐచ్ఛిక విధానాన్ని విస్తరింపజేశాడు. నాలుగు దశాబ్దాల ఆయన పాలనలో నిర్బంధ పాఠ్యప్రణాళిక దాదాపు కనుమరుగైంది. దీనితో ఒక సమస్య తలెత్తింది. అందరూ ఒకే పాఠ్యాంశాలు చదివేటప్పుడు పట్టాకు ఎంత చదివితే చాలునన్న ప్రశ్న లేదు. ఒకరు రసాయనశాస్త్రం, మరొకరు గ్రీకు సాహిత్యం చదివేటప్పుడు ఆ రెంటినీ ఒకే త్రాసులో తూచే తూనికరాయి కావాలి. తరగతి గంటలే ఆ తూనికరాయి అయినవి.

దీనికి దేశవ్యాప్త ప్రామాణికత లభించడంలో ఒక విచిత్రం ఉంది. 1905లో ఆండ్రూ కార్నెగీ కళాశాల అధ్యాపకుల పింఛనుల కొరకు కోటి డాలర్ల నిధి నెలకొల్పాడు. పింఛను పొందదగిన కళాశాల ఏదని నిర్ణయించడానికి నిర్వాహకులకు ఒక కొలమానం అవసరమైంది. ఒక విషయంలో సంవత్సరానికి 120 గంటల బోధన ఒక యూనిట్ అనీ, అట్టి 14 యూనిట్లు ఉన్నత పాఠశాలలో పూర్తిచేసినవారినే చేర్చుకోవాలనీ వారు నిర్దేశించారు. అధ్యాపకుల వృద్ధాప్య భృతి కోసం ఏర్పడిన గణాంకం విద్యార్థుల చదువుకు కొలబద్ద అయింది. కూర్చున్న గంటలను లెక్కపెట్టవచ్చును గాని, నేర్చిన విద్యను ఆ గంటలు తెలుపుతాయా అన్న విమర్శ నాటి నుండి నేటి వరకు క్రెడిట్‌ను వెన్నాడుతూనే ఉంది.

ఇక నూరు మార్కుల కొలమానం ఎంతవరకు నిక్కమైనదో పరిశీలించినవారు డానియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు. 1912లో వారు ప్రకటించిన అధ్యయనంలో ఒకే ఆంగ్ల జవాబుపత్రాన్ని 142 మంది ఉపాధ్యాయులు దిద్దగా మార్కులు 64 నుండి 98 వరకు వచ్చినవి. 59 మార్కులకు ద్వితీయ శ్రేణి, 60కి ప్రథమ శ్రేణి ఇచ్చే పద్ధతిలో ఆ ఒక్క మార్కు విద్యార్థి ప్రతిభదో, పరీక్షకుని మనఃస్థితిదో చెప్పడం సాధ్యం కాదు. సన్నని గీతల బదులు విశాలమైన అంతరాలుండాలన్న గ్రేడ్ల వాదానికి ఇదే పునాది.

స్వదేశంలో తొలి ప్రయోగాలు

మన దేశంలో పరీక్షా విధానంపై అసంతృప్తి కొత్తది కాదు. 1902 నాటి విశ్వవిద్యాలయాల సంఘం, 1917–19 నాటి శాడ్లర్ సంఘం ఆ అసంతృప్తిని వెలిబుచ్చినవి. స్వాతంత్ర్యానంతరం 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన సంఘం, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణను సూచించవలసి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలని అభిప్రాయపడింది. ప్రతి విషయంలోనూ మూడవ వంతు మార్కులను సంవత్సర కాలంలో చేసిన పనికి కేటాయించాలని సిఫారసు చేసింది. 1964–66 నాటి కొఠారీ సంఘం నిరంతర అంతర్గత మూల్యాంకనాన్ని సమర్థించింది. 1973లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., పరీక్షా సంస్కరణల కార్యాచరణ ప్రణాళికను ప్రకటించి అంతర్గత మూల్యాంకనం, సెమిస్టర్లు, గ్రేడ్లు, ప్రశ్నల నిధులను ప్రోత్సహించింది.

సిఫారసులు సంఘాల నివేదికలలో నిలిచి ఉండగా, ఆచరణ మాత్రం మరొక మార్గాన వచ్చింది. 1960లో పంత్‌నగర్‌లో ప్రారంభమైన వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికాలోని భూదాన కళాశాలల నమూనాలో రూపొందింది. బోధించిన అధ్యాపకుడే పరీక్షించే పద్ధతీ, కోర్సు వారీ క్రెడిట్ల లెక్కా దానితో ప్రవేశించినవి. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ కోవకు చెందినదే. తెలుగునాట ప్రథమ శ్రేణి, ద్వితీయ శ్రేణి తప్ప మరొక మాట వినబడని రోజులలో వ్యవసాయ పట్టభద్రులు తమ గ్రేడు పాయింట్ల సగటును చెప్పుకునేవారు. 1962–72 మధ్య తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థల సహకారంతో పెరిగిన కాన్పూరు ఐ.ఐ.టి. అక్షర గ్రేడ్లను సాంకేతిక విద్యలో పాదుకొల్పింది.

మూడవ మార్గం సార్వత్రిక విద్య. 1982లో హైదరాబాదులో దేశంలోనే ప్రథమంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నెలకొన్నది. అనంతరం అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించింది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం క్రెడిట్‌కు కొత్త నిర్వచనమిచ్చింది. తరగతి గదే లేనిచోట తరగతి గంటలను లెక్కించడం అసంభవం. కనుక విద్యార్థి చదవడానికి, రాయడానికి, పాఠం వినడానికి వెచ్చించే 30 గంటల మొత్తం శ్రమ ఒక క్రెడిట్ అయింది. లెక్క అధ్యాపకుని వైపు నుండి విద్యార్థి వైపునకు తిరిగింది. ఉద్యోగస్తులు, గృహిణులు తమ వీలునుబట్టి కొన్నేళ్లలో క్రెడిట్లు కూడబెట్టుకుని పట్టా పొందడం అక్కడ సహజమైంది. ఐరోపాలో 1989లో ప్రారంభమైన క్రెడిట్ బదిలీ విధానం సైతం విద్యార్థి శ్రమనే కొలమానంగా స్వీకరించడం గమనార్హం.

విధానపు పనితీరు

సాధారణ కళాశాలలకు ఈ విధానం వ్యాపించినది ప్రధానంగా 2015 తరువాత. ఐచ్ఛికాధారిత క్రెడిట్ విధానం పేరుతో యు.జి.సి. రూపొందించిన మార్గదర్శకాలను కేంద్ర, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అనుసరించినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డిగ్రీ కళాశాలలు కూడా వార్షిక పరీక్షలను వీడి సెమిస్టర్ల బాట పట్టినవి.

ఈ విధానంలో క్రెడిట్, గ్రేడు వేర్వేరు పనులు చేస్తాయి. క్రెడిట్ కుంచం వంటిది. ఎంత ధాన్యమో చెబుతుంది. గ్రేడు గింజ నాణ్యతను చెబుతుంది. ఒక సెమిస్టరు పొడుగునా వారానికి ఒక గంట పాఠం, లేదా రెండు గంటల ప్రయోగశాల పని ఒక క్రెడిట్‌కు సమానం. పాఠ్యాంశాలు మూడు తెగలు: అందరూ చదవవలసిన మూలాంశాలు, విద్యార్థి ఎంచుకునే ఐచ్ఛికాంశాలు, భాషా సామర్థ్యాన్నీ వృత్తినైపుణ్యాన్నీ పెంచే అంశాలు. పది పాయింట్ల కొలమానంలో అత్యుత్తమ స్థాయికి 10, తరువాతి స్థాయిలకు వరుసగా 9, 8, 7, 6, 5, కేవల ఉత్తీర్ణతకు 4, తప్పినవారికి సున్న.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక విద్యార్థిని ఒక సెమిస్టరులో ఐదు కోర్సులు చదివిందనుకుందాము. చరిత్రకు 6 క్రెడిట్లు, అందులో ఆమెకు 6 పాయింట్లు. తెలుగుకు 4 క్రెడిట్లు, 8 పాయింట్లు. ఆంగ్లానికి 4 క్రెడిట్లు, 7 పాయింట్లు. అర్థశాస్త్రానికి 4 క్రెడిట్లు, 5 పాయింట్లు. కంప్యూటరు నైపుణ్యానికి 2 క్రెడిట్లు, 9 పాయింట్లు. ప్రతి కోర్సులోనూ క్రెడిట్లను పాయింట్లతో హెచ్చించగా వచ్చే 36, 32, 28, 20, 18ల మొత్తం 134. దీనిని 20 క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టరు సగటు 6.70. అన్ని సెమిస్టర్లనూ ఇట్లే కలిపి లెక్కిస్తే సంచిత సగటు వస్తుంది. ఆమె అర్థశాస్త్రంలో తప్పినా తక్కిన 16 క్రెడిట్లు ఆమె పేరనే ఉంటాయి. తప్పిన కోర్సును మాత్రమే మళ్లీ పూర్తిచేయాలి. 1858లో కలకత్తా పాలకమండలి అనుగ్రహంగా చేసిన పని ఇక్కడ విద్యార్థి హక్కుగా మారింది.

2020 జాతీయ విద్యావిధానం మరొక అడుగు ముందుకు వేసింది. 2021 జూలైలో యు.జి.సి. క్రెడిట్ల నిధికి నిబంధనలు ప్రకటించింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఎలక్ట్రానిక్ ఖాతాలో జమ అవుతాయి. సాధారణంగా గరిష్ఠంగా ఏడు సంవత్సరాలు చెల్లుతాయి. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి; తక్కినవి ఇతర గుర్తింపు పొందిన సంస్థల నుండి తెచ్చుకోవచ్చును. 2022 డిసెంబరులో వెలువడిన చట్రం ప్రకారం మూడేళ్ల పట్టాకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ల పట్టాకు 160 క్రెడిట్లు అవసరం. తొలి సంవత్సరాంతంలో 40 క్రెడిట్లతో, నిర్ణీత వృత్తిశిక్షణ పూర్తిచేసి వైదొలగితే సర్టిఫికెట్; రెండవ సంవత్సరాంతంలో 80 క్రెడిట్లతో అదే విధంగా వైదొలగితే డిప్లొమా లభిస్తుంది. 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం పాఠశాల విద్యను, వృత్తివిద్యను కూడా ఇదే లెక్కలోకి తెచ్చింది.

మిగిలిన ప్రశ్నలు

చదువు మధ్యలో ఆగిపోవడానికి మన సమాజంలో గల కారణాలు సుపరిచితాలు. తండ్రి మరణం, పంట నష్టం, ఆడపిల్ల వివాహం, వలస. ఇట్లా ఆగినవారి చేతిలో ఇంతవరకు మిగిలినది రెండేళ్ల జ్ఞాపకం మాత్రమే. ఆ జ్ఞాపకానికి బదులు చెల్లుబాటయ్యే పత్రాన్నీ, తిరిగి రావడానికి తెరిచిన తలుపునూ ఇవ్వగలగడమే క్రెడిట్ విధానపు నిజమైన ఔచిత్యం. అయితే బయటికి వెళ్లే తలుపు లోనికి వచ్చే తలుపు కన్న విశాలమైతే ప్రమాదం. ఏడాది చదివి సర్టిఫికెట్‌తో వెళ్లినవారికి ఉద్యోగ విపణిలో విలువ లభించాలి; తిరిగి వచ్చినవారికి కళాశాలలో చోటు, ఉపకార వేతనం ఉండాలి. లేనిచో వైఫల్యానికి కొత్త పేరు పెట్టినట్లే అవుతుంది.

ఐచ్ఛికత సంగతీ ఇంతే. ఎలియట్ హార్వర్డ్‌లో ఐచ్ఛిక విధానం ఫలించడానికి అధ్యాపక సంపద తోడ్పడింది. ఒక విషయానికి ఒకే అధ్యాపకుడున్న పల్లెటూరి కళాశాలలో ఎంపిక కాగితానికే పరిమితమవుతుంది. విద్యార్థి ఎంచుకోవడం మాని, ఉన్నది తీసుకుంటాడు. ‘స్వయం’ వంటి ఆన్‌లైన్ పాఠాలు ఈ లోటును కొంత పూరించవచ్చును గాని, సందేహం తీర్చే గురువు స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయలేవు. గ్రేడ్లను శాతాలుగా మార్చే సూత్రం సంస్థకొక తీరుగా ఉండడం వల్ల ఉద్యోగ ప్రకటనల దగ్గర అభ్యర్థులు ఇబ్బంది పడుతున్నారు. మార్కులను వదిలి గ్రేడ్లకు వచ్చి, మళ్లీ గ్రేడ్లను మార్కులుగా మార్చడం సంస్కరణ ఉద్దేశాన్నే వమ్ము చేస్తుంది.

అన్నిటికన్న లోతైనది విశ్వాసం సమస్య. 1857 నాటి వ్యవస్థ అధ్యాపకుని తీర్పును పక్కకు నెట్టి నిష్పాక్షికతను సంపాదించింది. క్రెడిట్ విధానం ఆ అధ్యాపకుని తిరిగి పిలిచి, సెమిస్టరు పొడుగునా విద్యార్థిని అంచనా వేయమంటున్నది. అంతర్గత మార్కులలో పక్షపాతం చోటు చేసుకుంటుందన్న అనుమానం గతంలో పలు ప్రయోగాలను నీరుగార్చింది. ఆ అనుమానం నిరాధారమని కొట్టివేయడం సరికాదు. బహిరంగ పరీక్ష బడుగువర్గాల విద్యార్థికి ఇచ్చిన అనామకతా రక్షణ ఇక్కడ కొంత తగ్గుతుంది. మూల్యాంకన ప్రమాణాలను ముందుగానే ప్రకటించడం, దిద్దిన పత్రాలను విద్యార్థికి చూపడం, అప్పీలుకు అవకాశం కల్పించడం ఆ లోటుకు విరుగుడు. ఇవి చట్టంతో మొదలై ఆచారంగా స్థిరపడవలసినవి.

ఆనాడు ఏడు మార్కుల దయ ఇద్దరిని పట్టభద్రులను చేసింది. రెండుసార్లు తప్పిన ఎఫ్.ఏ. రామానుజన్‌ను వీధిన పడవేసింది. దయ మీద గాని, అదృష్టం మీద గాని ఆధారపడకుండా, చదివినంత చదువూ చదివినవారి ఖాతాలో నిలిచే ఏర్పాటు కోసం ఈ దేశం ఒకటిన్నర శతాబ్దాలకు పైగా వెదికింది. ఏర్పాటు ఇప్పుడు రూపొందింది. ఖాతాలో జమ అయ్యే ప్రతి క్రెడిట్ వెనుక నిజమైన పాఠం, న్యాయమైన తీర్పు ఉండేటట్లు చూడడం విశ్వవిద్యాలయాల బాధ్యత. ఆ బాధ్యతను అవి ఎంతవరకు నెరవేరుస్తాయన్న దానిపైనే ఈ సంస్కరణ విలువ తేలుతుంది.